స్కాన్‌లో ఏమీ లేదన్నారు, మా మరిది మాత్రం మునుపటి మనిషి కాదు

జువాలజీ_మేడమ్ · ఆదివారం, రాత్రి 9.12

మందులు అడగడానికి ఈ చర్చ పెట్టలేదు. వైద్యుల దగ్గరికి వెళ్తూనే ఉన్నాం. తలకు దెబ్బ తగిలితే లోపల అసలు ఏం జరుగుతుంది, ఆ సంగతి పరిశోధకులు ఎలా కనిపెట్టారు, ఇప్పటికి ఎంతవరకు తేలింది అన్నది నాకు కావాలి. ఇరవై రెండేళ్లుగా ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతున్నాను. నాడీకణం బొమ్మ కళ్లు మూసుకుని గీస్తాను. ఇంట్లో కష్టం వచ్చాక ఆ బొమ్మ ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పలేదు.

మా మరిదికి ముప్పై నాలుగేళ్లు. మోటార్లు రివైండింగ్ చేసే చిన్న షాపు ఉంది. ఎనిమిది నెలల క్రితం రాత్రిపూట విశాఖలో ఎండాడ దిగుడులో కుక్క అడ్డం వచ్చి బండి మీద నుంచి పడ్డాడు. హెల్మెట్ ఉంది, పెట్రోలు ట్యాంకు మీద. మూడు రోజులు ఐసీయూ, పదకొండు రోజులు వార్డు. సీటీ స్కాన్‌లో ఎముక విరగలేదు, రక్తం గడ్డ కట్టలేదు అన్నారు. సింహాచలం మొక్కు తీర్చుకుని గండం గడిచిందనుకున్నాం.

రెండో నెల నుంచి నాకు తేడా కనిపిస్తోంది. ఫ్యాను కాయిల్ చుట్టేటప్పుడు చుట్లు లెక్కపెట్టుకోవాలి. ఇదివరకు ఎవరితోనో మాట్లాడుతూనే చుట్టేవాడు, లెక్క తప్పేది కాదు. ఇప్పుడు నూట నలభై దగ్గర వీధిలో కొబ్బరిబొండాల అతను కేక వేస్తే లెక్క పోతుంది. తీగంతా విప్పి మళ్లీ ఒకటి నుంచి. ఒకరోజు మూడోసారి కూడా పోయేసరికి ఆ తీగ చుట్ట తీసి గోడకేసి కొట్టాడు. మా ఇంట్లో అందరికంటే నెమ్మది మనిషి అతను. మొన్న పోపు మాడి వంటిల్లంతా పొగ కమ్ముకుంటే, పక్కనే కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. వాసనే తెలియలేదట.

"స్కాన్ బాగుందన్నారు కదా, ఇదంతా పొగరు" అంటారు మా అత్తగారు. తోడికోడలు నా దగ్గరకు వచ్చి ఏడుస్తోంది. స్కాన్ నిజమా, మేం చూస్తున్నది నిజమా?

భీమిలి_రోడ్డు · ఆదివారం, రాత్రి 9.40

మా స్నేహితుడికీ ఇలాగే అయింది మేడమ్. వాడికి కోపం రాలేదు, ఏడుపు వచ్చింది. టీవీలో ప్రకటన చూసినా ఏడ్చేవాడు. ఏడాదిన్నరకు చాలావరకు సర్దుకున్నాడు. ఇంకో చోట మళ్లీ సీటీ తీయించి చూడండి, మొదటివాళ్లు సరిగ్గా చూడలేదేమో.

ఎలుకల_గది · ఆదివారం, రాత్రి 11.55

నేను నాడీశాస్త్రంలో పరిశోధక విద్యార్థిని. ఎలుకల తలకు కొలిచి దెబ్బ కొట్టడం, తర్వాత ఆ మెదడును పలచని పొరలుగా కోసి మైక్రోస్కోప్ కింద చూడడం నాలుగేళ్లుగా నా పని. మా అమ్మ బంధువులకు మాత్రం "ఏదో కంప్యూటర్ పని" అని చెబుతుంది.

మేడమ్, మీ స్కానూ నిజమే, మీరు చూస్తున్నదీ నిజమే. మళ్లీ సీటీ తీయించినా అదే జవాబు రావచ్చు. ఎందుకో చెబుతాను.

మీ ప్రయోగశాలలో సీసాలో ఉండే మెదడు ఫార్మలిన్‌లో గట్టిపడిన మెదడు. బతికున్న మనిషిది జున్నుకు దగ్గర. గిన్నెలో జున్నును నేరుగా ముందుకు జరిపి ఆపితే పెద్దగా ఏమీ కాదు. అదే గిన్నెను గిర్రున తిప్పి ఠక్కున ఆపండి. అంచు ఆగిపోతుంది, లోపలిది ఇంకా తిరగబోతుంది, నడుమ చీలికలు పడతాయి. 1943లో ఆక్స్‌ఫర్డ్‌లో హోల్‌బర్న్ అనే భౌతికశాస్త్రవేత్త అచ్చంగా ఈ పనే జెలాటిన్‌తో చేశాడు. పుర్రె ఆకారపు అచ్చులో జెలాటిన్ నింపి, తిప్పి ఆపి, ఎక్కడ ఎంత మెలి పడిందో వెలుతురు పంపి చూశాడు. తల దేనికి తగిలిందన్నదాని కంటే ఎంత వేగంగా తిరిగి ఆగిందన్నదే మెదడుకు ముఖ్యమని తేల్చాడు. అందుకే పైకి గీత కూడా పడని తలలో లోపల చాలా నష్టం జరగవచ్చు.

ఆ నష్టాన్ని కంటితో చూసినది సబీనా స్ట్రిచ్ అనే పాథాలజిస్టు. తలకు దెబ్బ తగిలి, మళ్లీ మామూలు మనుషులు కాలేకపోయిన 5 గురి మెదళ్ల మీద 1956లో ఆమె వ్యాసం వచ్చింది. మైక్రోస్కోప్ కింద పెడితే తెల్లపదార్థం నిండా పాడైన ఆక్సాన్లు. మీరు బోర్డు మీద గీసే నాడీకణానికి ఉండే ఆ పొడవాటి తోకలే.

ఆ తోక దెబ్బ తగిలిన క్షణంలోనే పుటుక్కున తెగుతుందని చాలాకాలం అనుకున్నారు. 1980ల్లో పోవ్లిషాక్ అనే పరిశోధకుడి బృందం జంతువుల్లో గంట గంటకూ చూసి, ఎక్కువ భాగం అలా తెగవని చూపించింది. మొదట సాగుతుంది. పొర వదులై కాల్షియం లోపలికి చొరబడుతుంది. లోపల సరకు మోసే సూక్ష్మనాళికల పట్టాలు విరుగుతాయి. మద్దిలపాలెంలో లారీ అడ్డం తిరిగితే హనుమంతవాక దాకా బండ్లు పేరుకుపోయినట్టు, కణం నుంచి వచ్చే సరకంతా అక్కడే పోగుపడి ఆక్సాన్ ఉబ్బుతుంది. కొన్ని గంటలకు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులకు, అక్కడ ఊడిపోతుంది. పరిశోధకుల ఆశంతా ఈ కొన్ని గంటల మీదే.

సీటీ స్కాన్ ఎముకను, తాజా రక్తాన్ని బాగా పట్టుకుంటుంది. ఆ రాత్రి ప్రాణం కాపాడడానికి కావలసినవి ఆ రెండే. ఆక్సాన్ మందం చాలావాటిలో మిల్లీమీటరులో వెయ్యో వంతు. అది సీటీకి కనబడే వస్తువు కాదు. ఎం.ఆర్.ఐ.లో కొన్ని ప్రత్యేక పద్ధతులు ఉన్నాయి. ఒకటి చిన్న చిన్న రక్తపు చుక్కల మచ్చలను చూపిస్తుంది, ఇంకొకటి ఆక్సాన్ల వెంట నీరు ఏ దిశలో కదులుతోందో కొలిచి దారులు చెదిరాయా అని అంచనా వేస్తుంది. రెండోది పరిశోధనల్లో వందలమందిని పోల్చడానికి పనికొచ్చినంతగా ఒక్క మనిషి విషయం తేల్చడానికి పనికిరావడం లేదు.

మూలికావనం · సోమవారం, ఉదయం 6.30

స్కాన్‌లో కనబడని నరాల బలహీనతకు ఇంగ్లీషు వైద్యంలో మందు లేదు. 40 రోజుల లేహ్యం ఉంది, నరాలు మళ్లీ మొలుస్తాయి. కావలసినవారు సందేశం పంపండి.

వేదిక_నిర్వాహకులు · సోమవారం, ఉదయం 8.05

పై సభ్యుని ఫోన్ నంబరు తొలగించాం. ఇక్కడ అమ్మకాలు వద్దు.

రాత్రి_డ్యూటీ · సోమవారం, మధ్యాహ్నం 2.20

లేహ్యం అమ్మే నాయనా, నీ మీద నాకు కోపం లేదు. నేనూ ఒకప్పుడు నమ్మకంతోనే మందు ఎక్కించాను. ఆ కథ చెబుతాను, మేడమ్ అడిగిన "ఎలా తెలుసుకున్నారు" అన్నదానికి అదే నా జవాబు.

న్యూరో ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చాలా ఏళ్లు చేసి రిటైరయ్యాను. తలకు దెబ్బతో వచ్చినవారికి మెదడు వాపు తగ్గాలని స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చే రోజులు నాకు బాగా గుర్తు. మెదడులో కణితి ఉన్నవారికి ఆ మందు వాపు తగ్గిస్తుంది, అది నిజం. వాపు వాపే కదా అని దెబ్బ తగిలినవారికీ వాడారు. ప్రపంచమంతటా ముప్పై ఏళ్లకు పైగా ఇదే. ఇవ్వకపోతే బంధువులు తప్పుపట్టేవారు.

1999లో క్రాష్ అనే పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. సగం మందికి స్టెరాయిడ్, సగం మందికి ఉత్త సెలైన్ లాంటిది. ఎవరికి ఏది పడుతోందో ఇచ్చేవారికీ తెలియదు. 20,000 మందిని చేర్చాలనుకున్నారు, 10,008 మంది దగ్గర ఆపేశారు. 2004లో ఫలితాలు వచ్చాయి. రెండు వారాల్లో చనిపోయినవారు మందు పడినవారిలో 21.1 శాతం, పడనివారిలో 17.9 శాతం. మందు వల్లే చావులు పెరిగాయి.

నూటికి మూడు అంటే వార్డులో ఎవరి కంటికీ ఆనదు. పదిమంది చనిపోయే చోట పదకొండో మనిషి ఎందుకు పోయాడో ఏ నర్సు చెప్పగలదు? పదివేలమందిని లెక్కపెడితే తప్ప బయటపడని సంగతి అది. ఆ వార్త మా పెద్ద డాక్టరుగారు చదివి వినిపించిన రోజు నేను టీ తాగలేకపోయాను. ఈ చేతులతో ఎక్కించాను కదా.

అందుకని ఎవరైనా "నేను పదిమందికి ఇచ్చాను, బాగుపడ్డారు" అంటే నాకు భయం వేస్తుంది. తలదెబ్బలో చాలామంది ఏ మందూ లేకుండానే కొంత కోలుకుంటారు. ఆ కోలుకున్నదంతా చివరగా ఇచ్చిన మందు ఖాతాలో పడుతుంది.

ఎలుకల_గది · సోమవారం, మధ్యాహ్నం 3.02

అమ్మా, ఈ పోస్టును మా ప్రయోగశాల గోడకు అంటించుకుంటాను.

ఎలుకల్లో అద్భుతంగా పనిచేసిన మందులు మనుషుల్లో వరసగా ఓడిపోయాయి. ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ మీద ఎన్ని ఆశలో! 2014లో రెండు పెద్ద పరీక్షలు ఒకేసారి దాన్ని పక్కన పెట్టాయి. మా ఎలుకలన్నీ ఒకే వయసువి, ఒకే జాతివి, ఒకే చోట, ఒకే బలంతో దెబ్బ తింటాయి, పది నిమిషాల్లో మందు పడుతుంది. ఎండాడ దిగుడులో పడిన మనిషికి ఇవేవీ వర్తించవు. పైగా ఎలుక మెదడు నున్నగా ఉంటుంది, మనకున్న మడతలు లేవు. అంత చిన్న మెదడును తిప్పి చీల్చాలంటే చాలా బలం కావాలి.

పూర్తిగా నిరాశ కూడా లేదు. 2019లో క్రాష్-3 అని 12,737 మందితో ఇంకో పరీక్ష ఫలితం వచ్చింది. ట్రానెక్సామిక్ ఆమ్లం, రక్తస్రావం ఆపే పాత, చవక మందు. దెబ్బ తగిలిన 3 గంటల్లోపు ఇస్తే, మరీ తీవ్రం కాని గాయాలవారిలో తలదెబ్బ వల్ల కలిగే మరణాలు తగ్గాయి. తీవ్రమైన గాయాలవారిలో ఆ మేలు కనబడలేదు. అంటే ఆసుపత్రికి ఎంత త్వరగా చేరామన్నదే మళ్లీ ముందుకు వచ్చింది.

పాత_సేఫ్టీ · సోమవారం, సాయంత్రం 5.48

ఉక్కు కర్మాగారంలో సేఫ్టీ విభాగంలో పనిచేసి దిగాను. ఇంత చర్చలో హెల్మెట్ మాట ఒక్క వాక్యంలో తేల్చేశారు, "పెట్రోలు ట్యాంకు మీద" అని. నాకు అక్కడే గుండె కలుక్కుమంది.

1935 మేలో ఇంగ్లండులో టి.ఇ. లారెన్స్ మోటారు సైకిల్ మీద నుంచి పడి ఆరు రోజులకు చనిపోయాడు. అరేబియా లారెన్స్ అంటారే, ఆ బ్రిటిష్ సైనికాధికారి. చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే న్యూరో సర్జన్ ఒకరు. ఆయన దాన్ని వదిలిపెట్టలేదు. యుద్ధం వచ్చాక సైన్యంలో ఉత్తరాలు మోసే మోటారు సైకిల్ సైనికుల గాయాలన్నీ పోగుచేసి, హెల్మెట్ ఉన్నవారికీ లేనివారికీ తేడా చూపుతూ 1941లో వ్యాసం రాశాడు. సైన్యంలో హెల్మెట్ తప్పనిసరి అయింది. బ్రిటన్‌లో మామూలు జనానికి తప్పనిసరి చేసింది మాత్రం 1973లో. ఒక సర్జన్ పోగుచేసిన లెక్క జనం నెత్తికెక్కడానికి ముప్పై రెండేళ్లు.

మన దగ్గర చట్టం ఉంది, మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్. పోలీసు కనిపిస్తే నెత్తికి, దాటాక మోచేతికి. జాతీయ రహదారి పక్కన గొడుగు కింద అమ్మే టోపీల్లాంటివి కొనేవారికి ఒక మాట: లోపల తెల్లటి థర్మోకోల్ లాంటి మందమైన పొర ఉందా చూడండి. దెబ్బకు నలిగి బలాన్ని మింగేది ఆ పొర. పై చిప్ప ఒక్కటే ఉంటే అది గిన్నె బోర్లించుకున్నట్టే. 2021 జూన్ నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ల అమ్మకమే నేరం. కట్టు బిగించకపోతే అది మీకంటే ముందే రోడ్డు మీద పడుతుంది.

భీమిలి_రోడ్డు · సోమవారం, సాయంత్రం 6.10

పెద్దాయనా, హెల్మెట్ తలను తిరగకుండా ఆపదు కదా, పైన జున్ను ఉదాహరణలో చెప్పారు. మరి ఉపయోగం ఏమిటి? వడ్రంగిపిట్ట రోజంతా చెట్టుకు తల కొట్టుకుంటుంది, దానికేమీ కాదు.

పాత_సేఫ్టీ · సోమవారం, సాయంత్రం 6.25

మీరు ముందు వడ్రంగిపిట్ట అంత మెదడు తెచ్చుకోండి, తర్వాత మాట్లాడదాం.

ఎలుకల_గది · సోమవారం, సాయంత్రం 6.51

వెటకారంగా అన్నా పెద్దాయన మాట శాస్త్రానికి సరిపోతుంది. వడ్రంగిపిట్ట పుర్రెలో దెబ్బను మింగే స్పాంజి ఉందని పాఠాల్లో కూడా చెప్పేవారు. 2022లో వేగంగా తీసిన వీడియోలతో లెక్కవేస్తే అలాంటిదేమీ లేదని తేలింది, తల మొత్తం సుత్తిలా గట్టిగా కదులుతుంది. మెదడు చిన్నది కాబట్టి తట్టుకుంటుంది. హెల్మెట్ సంగతి: తిప్పుడును పూర్తిగా ఆపలేదు, నిజమే. కానీ పుర్రె పగలడాన్ని, దాని కింద రక్తం గడ్డకట్టడాన్ని బాగా తగ్గిస్తుంది.

రెండో_జన్మ · సోమవారం, రాత్రి 10.15

ఇంతవరకూ బయట నుంచి చూసినవారు రాశారు. నేను లోపల నుంచి రాస్తాను. ఆరేళ్ల క్రితం ఆగకముందే బస్సు దిగబోయి వెనక్కి పడ్డాను. తప్పు నాదే. నాదీ "స్కాన్ నార్మల్" కేసే.

బ్యాంకులో పని. సెలవు అయ్యాక మొదటి రోజు పదకొండు గంటలకల్లా తల బల్ల మీద ఆనించేశాను. నిద్ర కాదు. ఫోను చార్జి అయిపోయినట్టు ఉంటుంది, కళ్లు తెరిచే ఉంటాయి, ఎదుటివారు మాట్లాడేది వినిపిస్తుంది, అర్థం కావడానికి ఓపిక ఉండదు. పూర్ణా మార్కెట్‌కి వెళ్తే బేరాల కేకలు, ఆటోల హారన్లు, ఎవరిదో నవ్వు, అన్నీ ఒకే గొంతుతో వచ్చి మీద పడతాయి. మామూలు మనిషి మెదడు అక్కరలేనివాటిని తనంతట తానే పక్కకు తోసేస్తుందని, ఆ తోసే పని ఆగిపోయాకే నాకు తెలిసింది. మేడమ్ మరిదిగారికి కొబ్బరిబొండాల కేక ఎందుకు లెక్క చెడగొడుతుందో నాకు చదవగానే అర్థమైంది.

కోపం సంగతి కూడా చెప్పాలి. అది ఎదుటివారి మీద కాదు. చేతికి వచ్చిన పని చేతికి రాకపోతే పుట్టే కోపం. పక్కనే ఎవరు ఉంటే వారికి తగులుతుంది.

ఒక స్పీచ్ థెరపిస్టు నేర్పిన చిట్కా: జ్ఞాపకాన్ని తలలో పెట్టుకోకు, బయట పెట్టు. నోట్ల కట్టలు లెక్కపెట్టేటప్పుడు ప్రతి వందకూ కాగితం మీద గీత గీసేవాణ్ని. ఎవరైనా పిలిస్తే గీత దగ్గరకు తిరిగి వచ్చేవాణ్ని, మొదటికి కాదు. మీ మరిదిగారి చేతికి ఒక సుద్దముక్క ఇవ్వండి. పని కూడా పొద్దున రెండు గంటలతో మొదలుపెట్టించండి. అలిసిపోయాక విశ్రాంతి తీసుకోవడం కాదు, అలిసిపోకముందే ఆపాలి. అది నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

ఇంకో ప్రశ్న, తెలిసినవారు చెప్పండి. పడిన తర్వాత తొమ్మిది రోజులు నాకు గుర్తు లేవు. ఆ రోజుల్లో అందరితో మాట్లాడానట, మా చెల్లిని ఇడ్లీ అడిగానట. మాట్లాడినవాడు ఎవరు?

ఎలుకల_గది · సోమవారం, రాత్రి 11.30

మాట్లాడింది మీరే. దాచిపెట్టే పని మాత్రం జరగలేదు. రోజువారీ జ్ఞాపకాలు మళ్లీ వరసగా నిలవడం మొదలయ్యేదాకా ఉండే ఈ కాలాన్ని ఎడిన్‌బరోలో రిచీ రస్సెల్ అనే వైద్యుడు 1932లోనే గాయం తీవ్రతకు కొలతగా చూపించాడు. ఒక్క యంత్రం లేకుండా, రోగులతో మాట్లాడి. ఆ కాలం ఎంత పొడవైతే కోలుకోవడం అంత నెమ్మది. ఇప్పటికీ చాలా స్కాన్ల కంటే అదే బాగా జోస్యం చెబుతుంది. మేడమ్, మీ మరిదిగారికి ఎన్ని రోజులు గుర్తు లేవో ఎవరైనా అడిగారా?

జువాలజీ_మేడమ్ · మంగళవారం, రాత్రి 8.44

ఎవరూ అడగలేదు. నేనే అడిగాను. బండి తాళం తీయడం గుర్తుంది, ఆ తర్వాత గుర్తున్నది వార్డు కిటికీలోంచి కాకి. మధ్యలో పన్నెండు రోజులు. డిశ్చార్జి కాగితంలో ఆ సంగతి ఒక్క ముక్క లేదు.

నిన్న రాత్రంతా ఇంటర్నెట్‌లో ఫినియాస్ గేజ్ గురించి చదివి భయపడ్డాను. ఇనుప కడ్డీ తలలోంచి దూసుకుపోయి బతికాడు కానీ స్వభావం మారిపోయి, తాగుబోతు, తిరుగుబోతు అయ్యాడని. మావాడూ అలా అవుతాడా?

ఎలుకల_గది · మంగళవారం, రాత్రి 10.02

గేజ్ కథకు చాలామంది మసాలా అద్దారు. గట్టిగా తెలిసినది ఇంతే. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్‌లో రైలు మార్గం కోసం బండలు పేలుస్తుంటే, 3 అడుగుల 7 అంగుళాల కడ్డీ ఎడమ చెంప కింద దూరి నడినెత్తి మీద నుంచి బయటపడింది. వైద్యం చేసిన హార్లో, స్నేహితులు అతన్ని "ఇక గేజ్ కాడు" అన్నారని 1868లో రాశాడు. మోటుమాటలు, మొండితనం, నిలకడ లేకపోవడం, అవన్నీ హార్లో రాసినవే. కానీ ఆ తర్వాత గేజ్ చిలీ వెళ్లి ఏళ్ల తరబడి గుర్రపు బండి నడిపాడు. ఆరు గుర్రాల పగ్గాలు, వేళకు ప్రయాణం, ప్రయాణికులతో మర్యాద. నిలకడ లేని మనిషి చేసే పని కాదది. మాల్కం మాక్‌మిలన్ అనే పరిశోధకుడు పాత కాగితాలన్నీ తవ్వి, మొదటి ఏళ్లలో చెడినా తర్వాత చాలా సర్దుకున్నాడని వాదించాడు. తాగుబోతు కథకు ఆధారం లేదు. 1860లో మూర్ఛలు వచ్చి పోయాడు.

రోజూ ఒకే వేళకు, ఒకే క్రమంలో చేసే పని అతన్ని నిలబెట్టి ఉంటుందని ఊహ. ఊహే, ఒక్క మనిషి నుంచి అంతకంటే చెప్పకూడదు.

వాసన సంగతి చెప్పడం మరిచాను. ముక్కు పైకప్పులో జల్లెడలాంటి పలచని ఎముక ఉంటుంది. వాసన నరాల సన్నని పోగులు ఆ రంధ్రాల్లోంచి మెదడుకు వెళ్తాయి. మెదడు జరిగినప్పుడు అవి జల్లెడ దగ్గర తెగుతాయి. మెదడు ముందు అడుగు భాగం దానికి ఆనుకునే ఉంటుంది, కోపాన్ని అదుపులో పెట్టడంలో దానికి పాత్ర ఉంది. వాసనా నిదానమూ ఒకేసారి పోవడం అందుకే చాలామందిలో కనిపిస్తుంది. మీ అత్తగారికి చెప్పండి, పొగరు వల్ల ముక్కు పనిచేయడం మానదు.

రాత్రి_డ్యూటీ · బుధవారం, మధ్యాహ్నం 1.15

ఇది చదివేవారిలో పాత కేసులే కాక, రేపు ఎవరినో మోసుకుని ఆసుపత్రికి పరుగెత్తేవారూ ఉంటారు. వారి కోసం రెండు మాటలు.

పడిన మనిషి లేచి, దుమ్ము దులుపుకుని, "నాకేం కాలేదు" అని ఇంటికి వెళ్లి అన్నం తిని పడుకోవడం, తెల్లారేసరికి లేవకపోవడం నేను చూశాను. కణత దగ్గర ఎముక పగిలి, దాని కింది ధమని కారుతూ ఉంటే మొదటి కొన్ని గంటలు మనిషి మామూలుగానే ఉంటాడు. తలనొప్పి పెరుగుతున్నా, పదేపదే వాంతి అవుతున్నా, మత్తుగా ఉన్నా, ఒక కంటిపాప పెద్దదైనా ఆగవద్దు. రక్తం పలచబడే మాత్రలు వాడే ముసలివాళ్లయితే చిన్న దెబ్బకు కూడా కొన్ని వారాల తర్వాత తడబడడం, మాట తప్పడం మొదలవుతుంది. అది వయసు అనుకోవద్దు.

ఐసీయూ బయట అందరూ అడిగే ప్రశ్న "స్కోరు ఎంత?" మనిషికి స్పృహ ఎంత ఉందో కొలవడానికి 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ పెట్టిన లెక్క. కళ్లకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. అన్నిటికంటే తక్కువ 3. "మూడు మార్కులు వచ్చాయి కదమ్మా, ఎంతో కొంత ఉన్నట్టే కదా" అని ఒక తండ్రి నన్ను అడిగాడు. ఏమీ లేకపోయినా 3 ఇస్తారని ఆయనకు నేను చెప్పలేదు.

రోడ్డు మీద పడినవారిని తెచ్చినందుకు పోలీసులు, ఆసుపత్రి మిమ్మల్ని పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోనే ఆ రక్షణ వచ్చింది. మెడ కదపకుండా ఎత్తండి, నీళ్లు తాగించకండి.

జువాలజీ_మేడమ్ · మరుసటి ఆదివారం, సాయంత్రం 7.30

న్యూరాలజిస్టు చెప్పిన సైకాలజిస్టు దగ్గర పరీక్షలు అయ్యాయి. గంటన్నర పట్టింది. అంకెలు ముందుకు చెప్పమన్నారు, ఏడు చెప్పాడు. వెనక నుంచి చెప్పమంటే మూడు దగ్గర ఆగిపోయాడు. కళ్లు మూయించి కాఫీ పొడి, లవంగం, సబ్బు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టారు. మూడింటికీ "ఏమీ లేదు" అన్నాడు. మా తోడికోడలు పక్కనే ఉండి అదంతా చూసింది. ఇంటికి వచ్చాక ఏడవలేదు, వంటింట్లో గ్యాసు పసిగట్టే అలారం పెట్టించమంది.

మా అత్తగారు ఆ కాగితం ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశారు. "లవంగం కూడానా?" అన్నారు అంతే.

ఈ చర్చంతా మా మరిదికి చదివి వినిపించాను. తనూ రాస్తానన్నాడు.

వైండింగ్_షాపు · మంగళవారం, ఉదయం 10.05

మా వదిన నా గురించి రాసినదంతా చదివాను. ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది.

ముందుగా, ఆ కుక్క. నాకు కుక్క గుర్తు లేదు. అన్నయ్యకు ఎవరో చెప్పారు, అన్నయ్య అందరికీ చెప్పాడు, ఇప్పుడు నేనూ అందరికీ చెబుతున్నాను. దాని రంగు కూడా చెబుతున్నాను.

మోటారు షాపుకు వస్తే ముందు మీటరు పెడతాం. తీగ ఎక్కడా తెగకపోతే బాగుందనే చూపిస్తుంది. చుట్టుకూ చుట్టుకూ మధ్య పూత పోయి ఉంటే మామూలు మీటరుకు అది దొరకదు. లోడు ఇచ్చి పది నిమిషాలు తిప్పితే వేడెక్కి వాసన వస్తుంది. నాకు తీసిన స్కాన్ ఆ మీటరు. ఈ మాట ఆ ఎలుకలాయనకు పనికొస్తే వాడుకోమనండి.

ఆ వాసన ఇప్పుడు నాకు తెలియదు కాబట్టి షాపులో ఒక కుర్రవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుంటున్నాను. కాలిన వాసన వస్తే చెప్పడమే వాడి పని. పొద్దున రెండు గంటలే. సుద్దముక్క దగ్గర ఉంది.

నిన్న 320 చుట్లు, మొదటికి రాకుండా, ఒక్కసారికే. మధ్యలో కొబ్బరిబొండాల అతను వచ్చాడు, గీత దగ్గర నుంచి అందుకున్నాను. కుర్రవాడు కూడా నోట్లో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడట, మూడు తక్కువ ఉన్నాయన్నాడు.

వాడి లెక్కే తప్పు.